పదమూడు రెన్యువళ్ళ తర్వాత

మంగళవారం ఉదయం పదిన్నరకు, ఐదో కథలో ఉండే హైమవతి పుస్తకంలోంచి బయటికొచ్చి, శాఖా గ్రంథాలయం రిజిస్టరులో సంతకం పెట్టి, లైబ్రేరియన్ వకుళ ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుంది. పాత్రల అర్జీలు తీసుకునేది మంగళవారమే కాబట్టి వకుళ ఆశ్చర్యపోలేదు.

అది పన్నెండు ప్రేమకథల సంపుటి. ప్రతి కథలోనూ ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని కోరుకుని, చివరికి ఉసూరుమంటారు. హైమవతి పని బస్టాండులో ప్రియుడి కోసం ఎదురుచూడటం. అతను రాడు. పుస్తకం పాఠకుడి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆమె బెంచీ దిగకూడదని నిబంధన. పదిహేను రోజుల గడువుతో ఆమెకు పేచీ లేదు. పేచీ అంతా తూనికల శాఖ గుమాస్తా జోగారావుతోనే. ఆయన ఇప్పటికి పదమూడుసార్లు రెన్యువల్ చేయించాడు. ఇప్పుడు పద్నాలుగోసారికి పుస్తకం బల్లమీద పెట్టి, పేపర్లు తిరగేస్తున్నాడు.

"ఆరు నెలలు దాటిపోయింది మేడమ్, నా నడుం పడిపోనాది," అంది హైమవతి. "పోనీ చదువుతాడా అంటే మూడో పేజీ దాటలేదు. మీరు ముద్ర వేస్తుంటే చూడ్డానికి వస్తాడాయన. మధ్యలో నేనేటి చేశానండి?"

వకుళ నిబంధనల పుస్తకం తిరగేసింది. పాఠకుడి మనసు గురించి అందులో ఒక్క ముక్కా లేదు. నిజానికి ఆయన ఎందుకొస్తాడో వకుళకూ తెలుసు. పదిహేనో రోజున ఇస్త్రీ చీర కట్టుకొచ్చేది అందుకే. అడిగితే కాదంటారేమోనన్న భయంతో ఇద్దరూ ముద్రతో సరిపెట్టుకుంటున్నారు.

జోగారావు బల్ల దగ్గరికొచ్చాడు. "ఇంకో పదిహేను రోజులండి."

"కుదరదండి. పుస్తకం ఇచ్చీండి." వకుళ పుస్తకాన్ని తనవైపు లాక్కుంది. "సాయంత్రం ఐదింటికి కాలేజీ ఎదురుగా టీ తాగుదాం. మీరు రాకపోతే నాకు చాలా కష్టంగా ఉంటాది."

"నాలుగున్నరకే వచ్చీస్తానండి," అన్నాడాయన, చెవులదాకా ఎర్రబడిపోయి.

హైమవతి రిలీవింగ్ ఆర్డరు తీసుకుని బస్సెక్కి వెళ్ళిపోయింది. ఖాళీని నింపాలి కనుక వకుళ నోటీసు బోర్డుమీద ప్రకటన అంటించింది: రానివాడి కోసం ఎదురుచూడటానికి మనిషి కావలెను.

నాలుగింటికల్లా అరవై ఒక్క దరఖాస్తులు వచ్చాయి. 'అనుభవం ఎప్పటినుంచి' అన్న గడిలో చాలామంది తమ పెళ్ళి తేదీ వేశారు. ఒక కాగితం మాత్రం పూర్తిగా నింపి, సంతకం లేకుండా ఉంది. చేతిరాత వకుళదే. ఎప్పుడు నింపిందో ఆమెకు గుర్తులేదు. దాన్ని నాలుగు ముక్కలుగా చించి, జడ సరిచేసుకుని, నాలుగున్నర కాకముందే గ్రంథాలయానికి తాళం వేసింది.