మద్దిచెట్టు బడిలో సీట్లు లేవు

ఒక ప్రశ్న అడుగుతాను, ఆలోచించి చెప్పండి పిల్లలూ. జాతరలో పక్కపక్కనే రెండు మిఠాయి కొట్లున్నాయి. ఒక కొట్టు ముందు ఈగ కూడా వాలడం లేదు. రెండో కొట్టు ముందు ఒకటే తోపులాట. మీరెక్కడ కొంటారు?

తోపులాట దగ్గరే! చూశారా, మిఠాయి రుచి ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. సరే, గోడకి జారబడకుండా తిన్నగా కూర్చోండి. కథ చెబుతాను.

ఒక పెద్ద అడవిలో, వాగు ఒడ్డున, నల్లమద్ది చెట్టు కింద ఒక సర్కారు బడి ఉండేది. ఆ బడికి మాస్టారు పింగళయ్య అనే ముంగిస. పాఠం చెప్పడంలో ఆయనకి సాటి లేరు. ఏ ఆకుల కింద పాముందో వాసన పట్టడం, ఏ పండు తినాలి, ఏది ముట్టకూడదు, గాలి వాలు ఎటుంది... ఆయన చెబితే చచ్చేదాకా మరిచిపోరు. ఆ మాటకొస్తే, శ్రద్ధగా విన్నవాళ్ళు అంత తొందరగా చావరు కూడాను.

అంత మంచి బడిలో మిగిలింది ఒకే ఒక్క పిల్ల. అలుగు పిల్ల. అలుగు తెలుసుగా? ఒంటినిండా పెంకుల్లాంటి పొలుసులుంటాయి, భయమేస్తే బంతిలా చుట్టుకుపోతుంది.

మరి తక్కిన పిల్లలేరి? గుట్ట మీద నెమలిగారు పెట్టిన ‘బంగారు పింఛం ఇంటర్నేషనల్’లో ఉన్నారు. నెమలిగారు ఆ బడికి కరస్పాండెంటు. మాస్టారికీ కరస్పాండెంటుకీ తేడా ఏమిటంటే, మాస్టారు పాఠం చెబుతాడు, కరస్పాండెంటు ఫీజు చెబుతాడు.

అక్కడ ప్రతి పిల్లకీ మెడలో తీగ టై, తోక దగ్గర నాలుగు ఈకలు. అడవిదున్న వీపు మీద కుక్కి కుక్కి ఎక్కించి తీసుకెళ్ళేవారు. రోజంతా నేర్పేది ఒక్కటే, నెమలి భాషలో “క్యాఁవ్” అనడం. ఇంటికి చుట్టాలొస్తే చాలు, అడవిపంది వరాహాలు కొడుకుని ముందుకి తోసేవాడు.

“నాన్నా, అంకుల్‌కి ఒక్కసారి క్యాఁవ్ చెప్పమ్మా.”

పందిపిల్ల గొంతు సవరించుకుని “గ్యుర్ర్‌వ్” అనేది.

“చూశారా! మా తరంలో ఎవరికొచ్చిందండీ అది!” అని వరాహాలు కళ్ళు తుడుచుకునేవాడు.

ఇలా ఉండగా ఏనుగు సర్పంచిగారు పింగళయ్యని పిలిపించాడు. “వానలు పడేలోగా నీ బడి నిండాలి మాస్టారూ. లేదంటే వాగవతలి బడిలో విలీనం చేసేస్తాం” అన్నాడు.

విలీనం అంటే చెబుతాను వినండి. రెండు ఖాళీ కుండల్ని ఒకదాంట్లో ఒకటి పెట్టి, చూశారా, కుండ ఖాళీగా లేదు అనడం.

వాగు దాటాలంటే మొసలిని దాటాలి. మాస్టారైతే రాళ్ళ మీద గెంతుకుంటూ పోగలడు. పొట్టి కాళ్ళ అలుగు పిల్ల పోలేదు. దాని చదువు ఆ ఒడ్డునే ఆగిపోతుంది. ఆ సంగతి తలుచుకుంటే పింగళయ్యకి ముద్ద దిగలేదు.

అందుకని మర్నాడే ఇంటింటికీ బయల్దేరాడు. “మద్దిచెట్టు బడికి పంపండమ్మా, మధ్యాహ్నం రేగుపళ్ళు కూడా పెడతాం!” అని అరుచుకుంటూ మొదట దుప్పి సుభద్రమ్మ పొద దగ్గరికి వెళ్ళాడు.

“రండి మాస్టారూ, కూర్చోండి. మీ బడి బంగారం! మా ఆయన మీ శిష్యుడే కదా. ఆయన ముక్కు పుణ్యమాని ఇన్నాళ్ళూ పాము కాటు లేకుండా బతికాం.”

“అయితే పిల్లని పంపు తల్లీ.”

“అమ్మో, పిల్లనా! దాన్ని నెమలిగారి బడిలో వేశాం కదండీ.” సుభద్రమ్మ చెవులు రిక్కించింది. “అన్నట్టు, మీ అబ్బాయి ఎక్కడ చదువుతున్నాడు?”

పింగళయ్య దగ్గాడు. తలపాగా లేకపోయినా సర్దుకున్నాడు. మాస్టారి కొడుకు కూడా గుట్ట మీద బడిలోనే ఉన్నాడు మరి! వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ మర్యాదలు చేశారు, ప్రతి ఇంట్లోనూ చివరికి ఆ ఒక్క ప్రశ్నే అడిగారు.

ఇంటికొచ్చి భార్యతో అన్నాడు. “నాంచారమ్మా, రేపట్నుంచి మనవాడు నా బడికే.”

“మీ బడిలో ఏముందని?”

“నేనున్నాను!”

“మీరు ఇంట్లోనూ ఉంటారుగా. చదువు ఇంట్లో చెప్పండి, ఎవరొద్దన్నారు? అది నేర్చుకోడానికి. ఆ బడి నలుగురిలో చెప్పుకోడానికి.”

అయినా మాస్టారు పట్టు విడవలేదు. కొడుకు తోక ఈకలు పీకేసి, చెయ్యి పట్టుకుని మద్దిచెట్టు కిందికి తీసుకొచ్చాడు. ఇక అడవి అడవంతా వెనకే వస్తుందనుకున్నాడు పాపం.

నీళ్ళ రేవు దగ్గర మాటలు ఇంకోలా నడిచాయి.

“మాస్టారికి జీతాలు ఆగిపోయాయట వదినా,” అన్నాడు వరాహాలు.

“అది కాదన్నయ్యా, కుర్రాడికి క్యాఁవ్ పలకలేదట. నెమలిగారే తీసుకుపొమ్మన్నారట,” అంది సుభద్రమ్మ.

కొడుకుని గుట్ట మీద వేస్తే తన బడి మీద తనకే నమ్మకం లేదన్నారు, ఇక్కడ వేస్తే గతి లేదన్నారు. బడికి మాత్రం ఎవరూ రాలేదు.

ఇంతలో చెదల కాలం వచ్చింది. అలుగు పిల్ల తల్లి ముత్యాలు దాన్ని వెంటబెట్టుకుని పుట్టలు తవ్వే పనికి కొండ మీదికి బయల్దేరింది. “వానలకి దిగొచ్చేస్తాం మాస్టారూ. దాని చోటు దానికి ఉంచండి, మీకు పుణ్యముంటుంది,” అంది.

ఆ సాయంత్రం పింగళయ్య దిగులుగా గుట్ట వైపు నడిచాడు. నెమలిగారి గేటు ముందు ఎండలో నక్కలూ, కొండముచ్చులూ, కణుజులూ నాలుకలు వేలాడేసుకుని నిలబడ్డాయి. నెమలిగారు పింఛం ఊపుతూ, “సీట్లు లేవు, సీట్లు లేవు. పెద్దవాళ్ళ సిఫారసుంటే చూద్దాం,” అంటున్నాడు.

మాస్టారు కంచె కిందనుంచి తల దూర్చి చూశాడు. లోపల పిల్లలు కూర్చునే బండలు సగం ఖాళీ!

ఆయన బుర్రలో మెరుపు మెరిసింది. పరుగున వెనక్కొచ్చి, రాలిన మద్దిపట్ట ముక్క మీద బొగ్గుతో రాసి చెట్టుకి వేలాడదీశాడు. ‘సీట్లు లేవు.’

“నాన్నా, నేనొక్కణ్ణేగా ఉన్నది?” అన్నాడు కొడుకు.

“మాస్టారి కొడుకువి. అనవసరంగా లెక్కపెట్టకు.”

తెల్లారేసరికి సుభద్రమ్మ వచ్చి నిలబడింది. “ఎప్పుడు నిండాయి మాస్టారూ? మాకు మాట మాత్రమైనా చెప్పలేదే! ఎవరెవరు చేరారు?”

“ఆ వివరాలు బయటికి చెప్పకూడదమ్మా.”

“చెప్పకూడదా!” అనుకుంటూ ఆమె ఒక్క గెంతులో వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి వరాహాలు రొప్పుకుంటూ వచ్చాడు. సాయంత్రానికి ఏనుగుగారి సిఫారసులు మోసుకుంటూ తొండలు వచ్చాయి. వారం తిరగకుండా మద్దిచెట్టు కింద నీడ చాలలేదు. గుట్ట మీద నెమలిగారు తన పింఛాన్ని తానే చూసుకుంటూ కూర్చున్నాడు.

పింగళయ్య ఆనందం ఇంతా అంతా కాదు. కాకపోతే, వచ్చినవాళ్ళు ఊరికే ఉంటారా? వరాహాలు పేరెంట్స్ కమిటీ పెట్టి తనే అధ్యక్షుడయ్యాడు.

“మాస్టారూ, ఇంత డిమాండున్న బడికి టై లేకపోతే ఎలాగండీ?”

టైదేముందిలే అనుకున్నాడు మాస్టారు. తర్వాత ఈకలడిగారు. ఈకలదేముంది! తర్వాత అడవిదున్న వచ్చింది. ఆఖరికి, “పాముల పాఠం మా పిల్లలకెందుకండీ, వాళ్ళేమైనా గడ్డిలో తిరిగేవాళ్ళా? ఆ గంటలో క్యాఁవ్ చెప్పించండి,” అన్నారు. ఏనుగుగారు వచ్చి చూసేదాకానే కదా అని పింగళయ్య దానికీ తలూపాడు. అలా తలూపి తలూపి, నెలాఖరుకి ఆయన కూడా మెడలో టై కట్టుకుని, పలకరిస్తే “క్యాఁవ్” అనే స్థితికి వచ్చాడు.

మబ్బులు కమ్ముకునే వేళకి అలుగు ముత్యాలు పిల్లతో కొండ దిగింది. గేటు దగ్గర, అవును, గేటు కూడా పెట్టారు, వరాహాలు అడ్డం నిలబడ్డాడు.

“బోర్డు చదవడం రాదా? సీట్లు లేవు.”

“మాది ముందునుంచీ ఉన్న చోటే బాబూ. మాస్టార్ని అడుగు.”

“సిఫారసుందా?”

“చెదల పుట్టల దగ్గర సిఫారసు ఎవరిస్తారయ్యా?”

గొడవ విని పింగళయ్య బయటికొచ్చాడు. గేటవతల అలుగు పిల్ల బంతిలా చుట్టుకుపోయి ఉంది. ఆ బంతిని చూడగానే ఆయనకి తెలిసొచ్చింది. ఏ పిల్ల కోసం బడి నిలబెట్టాలనుకున్నాడో, ఆ పిల్లకి ఒక్కదానికే బడిలో చోటు లేకుండా చేశాడు!

వరాహాల్ని పక్కకి నెట్టి, పిల్లని రెండు చేతులతో దొర్లించుకుంటూ లోపలికి తెచ్చాడు.

కమిటీ భగ్గుమంది. “అంటే సీటుందన్నమాట! ఇంకా ఎన్నున్నాయి?”

అబద్ధమాడి అలిసిపోయాడేమో, మాస్టారు తిన్నగా చెప్పేశాడు. “ఎందరొస్తే అన్ని. సర్కారు బడి కదయ్యా, ఎవరొచ్చినా చేర్చుకోవాలి.”



“ఎవరొచ్చినా?” అంది సుభద్రమ్మ నీరసంగా. “మరి మేమెందుకొచ్చినట్టు?”

పొద్దు వాలేలోగా పిల్లల్ని గేటుతో సహా తీసుకుపోయారు. గుట్ట మీద నెమలిగారు అప్పటికే రెండింతల బోర్డు కట్టించాడు. ‘సీట్లు అస్సలు లేవు.’ దాని ముందు వరసలో అందరికంటే ముందు, కొడుకుని చంకనెత్తుకుని నాంచారమ్మ నిలబడింది.

మర్నాడే ఎలుగుబంటి తనిఖీకి వచ్చాడు. ఏనుగుగారు పంపిన అధికారి. దారిలో తేనెపట్టు తగిలిందేమో, ఒక కన్నే తెరిచి ఉంది. చెట్టు కింద అలుగు పిల్ల ఒక్కతే. పింగళయ్య చేతులు కట్టుకుని, విలీనం మాట వినడానికి సిద్ధపడ్డాడు.

ఎలుగుబంటి కిందికి చూడనే లేదు. తలెత్తి, మాస్టారు తియ్యడం మరిచిపోయిన పట్ట ముక్కని చదివాడు.

“సీట్లు లేవు. భేష్! బడి నిండుగా ఉందని చెప్పేస్తాను.”

“అయ్యా, పిల్లల్ని చూడరా?”

“బోర్డు చూశాంగా!” అని ఎలుగుబంటి అటూ ఇటూ చూసి, మాస్టారి చెవిలో గొణిగాడు. “మా మనవడొకడున్నాడు. చురుకైనవాడు. ఎక్కడైనా ఒక మూల సర్దగలరా?”

పిల్లాడొస్తానంటే వద్దనే మాస్టారుంటాడా? “ఉంది, పంపండి” అన్న మాట పింగళయ్య నాలుక చివరికొచ్చింది. ఉందంటే బోర్డు అబద్ధమవుతుంది. బోర్డు అబద్ధమైతే ఎలుగుబంటి కిందికి చూస్తాడు. చూస్తే వాగు, వాగులో మొసలి. ఆయన అలుగు పిల్ల పొట్టి కాళ్ళ వంక చూశాడు.

“లేవండీ,” అన్నాడు.

“కాస్త చూడండి మాస్టారూ.”

“సర్పంచిగారు చెప్పినా లేవు.”

ఎలుగుబంటి రెండు చేతులూ జోడించాడు. “అదీ బడంటే!” అని మురిసిపోతూ వెళ్ళిపోయాడు.

పింగళయ్య మెడలో టై పీకి పారేసి, ఎండుటాకులు కుప్ప పోశాడు. “రా తల్లీ. పాముల పాఠం. ముందు ముక్కుతో చదవాలి, తర్వాతే కంటితో.”

ఏమిటీ, నీతా? రాసుకోండి: బడి నిలవాలంటే పాఠం సరిగ్గా చెప్పకపోయినా ఫరవాలేదు, ‘లేదు’ అని మాత్రం సరిగ్గా చెప్పాలి.

ఇక లేవనివ్వండి నన్ను. మునగాకు సగం దూసి వదిలేసి వచ్చాను, వాడిపోతుంది.