నల్ల తెర, సగం మీసం

ఆ శనివారం అకౌంటెంటు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి కొత్త కంప్యూటరు ఆన్ చేయడం, భార్య చేత మెచ్చుకోలు పొందడం, ఆ తర్వాత హాయిగా పడుకోవడం. పెట్టె, బోర్డు, ఫ్యాను, మెమరీ పలకలైన రెండు ర్యామ్‌లు విడివిడిగా తెప్పించి ముందురోజు తన చేత్తోనే బిగించాడు. చివర్లో రెండు స్క్రూలు మిగిలాయి. మంచి పనివాడి దగ్గర కాస్త సరుకు మిగలడం సహజమేనని వాటిని జేబులో వేసుకున్నాడు.

అతని భార్య పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. వేస్తుందంటే, వేయాలని ఆశ. ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. ఇన్నాళ్లకు ఒక ప్రచురణకర్త పదకొండింటికి వీడియో కాల్‌లో బొమ్మలు చూస్తానన్నాడు. ఆ బొమ్మలున్న డిస్కును పాత కంప్యూటరులోంచి పీకి కొత్తదాంట్లో బిగించాడు మన అకౌంటెంటు. పాతది ఇప్పుడు ఉత్త డొల్ల. ఇది పని చేయకపోతే ఉన్నదీ పోయె ఉంచుకున్నదీ పోయె అన్నట్టవుతుందని ఆమెకు రాత్రంతా సరిగా నిద్ర లేదు.

మీట నొక్కాడు. లైటు వెలిగింది. ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది.

"ఏమండీ, ఏమీ రావట్లేదే?"

"వస్తుంది. కొత్తది కదా, కాస్త సిగ్గు."

భార్య పక్కన నిలబడి చూస్తుంటే మగవాడు ఎంతసేపు ఓపిక పట్టగలడో అంతసేపూ పట్టాడు. అంటే ఎంతోసేపు కాదు. ఆపేసి, ఒక ర్యామ్ ఊడదీసి, దాని మీద ఉఫ్ మని ఊది మళ్లీ పెట్టాడు. లైటు, ఫ్యాను, నల్ల తెర.

ఈ హడావిడికి హాల్లోంచి మామగారు వచ్చారు. ఉద్యోగమంతా బస్సు నడిపి రిటైరైన మనిషి. పెట్టెకు చెవి ఆనించి విన్నారు.

"అల్లుడుగారూ, ఇంజను తిరుగుతోంది, బండి కదలట్లేదు. గేరు పడలేదన్నమాట."

"దీనికి గేర్లుండవు మామయ్యగారూ."

"మరి వెనక్కెలా వెళ్తుంది?"

అకౌంటెంటు పెట్టెను తిప్పి వెనక వైపు చూశాడు. ఆలోచించిన కొద్దీ అది సబబైన ప్రశ్నే అనిపించసాగింది.

అల్లుడు అలా ఆలోచనలో ఉండగానే మామగారు కిటికీలోంచి పక్కింటి ఫ్రిజ్ మెకానిక్‌ను కేకేశారు. మెకానిక్ పిలవని పేరంటానికే వెళ్లే రకం, పిలిస్తే ఆగుతాడా? వచ్చి పెట్టె మీద అరచెయ్యి వేశాడు.

"చల్లగా ఉంది సార్."

"అది మంచిదే కదా?"

"ఫ్రిజ్ అయితే మంచిదే."

అక్కడి నుంచి వ్యవహారం తడిసి మోపెడైంది. అకౌంటెంటు మంచినీళ్లకు వెళ్లినప్పుడు మామగారు ఒక ర్యామ్‌ను పక్క గాడిలోకి మార్చారు. మామగారు కళ్లజోడు కోసం వెళ్లినప్పుడు మెకానిక్ రెండు ర్యామ్‌లనూ ఇటుది అటు చేశాడు. అకౌంటెంటు వచ్చి, ఎవరూ చూడకుండా, ఉన్న రెండిట్లో ఒకటి తీసి జేబులో స్క్రూల పక్కన వేసుకున్నాడు. ముట్టుకున్న ప్రతివాడూ ఆపి మళ్లీ ఆన్ చేస్తున్నాడు. ముట్టుకున్నట్టు ఎవడూ ఒప్పుకోవడం లేదు.

"ఇందాక తెల్ల లైటు కదా, ఇప్పుడు పసుపెందుకైంది?"

"నేనేం ముట్టుకోలేదు," అన్నాయి మూడు గొంతులు. అడిగినవాడి గొంతు కూడా అందులో ఉంది.

"మరి ఎడమ పక్క ర్యామ్ కుడి పక్కకెలా వచ్చింది?" అన్నాడు అకౌంటెంటు.

"కుదుపులకు జరిగి ఉంటుంది. గోతుల్లో నా సీటే జరిగిపోయేది," అన్నారు మామగారు.

గడియారం పదిన్నర దాటింది. అంతవరకూ గోడకానుకుని నిలబడ్డ భార్య ముందుకొచ్చింది.

"నాన్నా, నువ్వు బయటికి. ఏమండీ, మీరూ బయటికి. అన్నా, మీరు కూడా." తలుపు వైపు చెయ్యి చూపింది. "నా బొమ్మలన్నీ అందులోనే ఉన్నాయండీ. మళ్లీ ఎవరడుగుతారు నన్ను?"

మెచ్చుకోలు మాట దేవుడెరుగు, అకౌంటెంటుకు ఆ కళ్లలోకి చూసే ధైర్యమే లేకపోయింది. జేబులోని ర్యామ్‌ను దాని గాడిలో పెట్టి, మీట నొక్కి, తలవంచుకుని బయటికి నడిచాడు.

వాకిట్లో ముగ్గురూ కాసేపు ఒకరి చెప్పులు ఒకరు చూసుకున్నారు. ఊరుకోగలిగిన మనుషులైతే ఈ కథే లేదు.

"కరెంటే సరిగా రావట్లేదేమో సార్. ఫ్యూజు చూద్దామా?" అన్నాడు మెకానిక్.

మెట్ల కింద మీటర్ల దగ్గర రెండు పింగాణీ ఫ్యూజులున్నాయి, తామున్న కింది వాటాకొకటి, పై వాటాకొకటి. "ఎడమది మనదే," అని తేల్చేశారు మామగారు. మెకానిక్ చేతికి రబ్బరు తొడుగు వేసుకుని పట్టుకున్నాడు. ఫ్యూజు కదల్లేదు. మెకానిక్ నడుం పట్టుకుని అకౌంటెంటు లాగాడు, అల్లుడి నడుం పట్టుకుని మామగారు లాగారు. ఫ్యూజు ఊడింది, ముగ్గురూ వెల్లకిలా పడ్డారు, పింగాణీ రెండు ముక్కలైంది.

పై అంతస్తులో కెవ్వుమని కేక వినిపించింది.

దిగి వచ్చినవాడు ఇంటి యజమాని. మెడ చుట్టూ తువ్వాలు, చేతిలో ఆగిపోయిన ట్రిమ్మరు, ముఖాన సగం మీసం.

"ఎవరయ్యా ఫ్యూజు పీకింది? మధ్యాహ్నం పాస్‌పోర్టు ఫొటో ఉంది నాకు!"

"నేను మెకానిక్‌ను పట్టుకున్నానంతే సార్," అన్నాడు అకౌంటెంటు.

"నేను అల్లుడుగారిని పట్టుకున్నాను," అన్నారు మామగారు.

"నేను ఫ్యూజునే పట్టుకున్నా సార్. లాగింది మాత్రం వాళ్లిద్దరూ."

"పీకిందెవరో తేలేదాకా ఒక్కడూ ఇక్కణ్నించి కదలొద్దు," అన్నాడు యజమాని, మెట్టు మీద కూర్చుని.

లోపల భార్య ఆశ వదులుకుంది. కనీసం ఫోన్లోనైనా చూపిద్దామని కాగితం, పెన్సిలు తీసి మళ్లీ మొదటి బొమ్మ నుంచి గీయడం మొదలుపెట్టింది. పెట్టె వైపు చూడలేదు, ముట్టుకోలేదు. ఆ కంప్యూటరుకు కావలసింది అంతే. కొత్తగా బిగించిన ర్యామ్‌లను మొదటిసారి అది ఒక్కొక్కటిగా పరీక్షించుకుంటుంది. అంతవరకూ తెర వెలగదు. మధ్యలో ఎవరైనా ఆపినా, ర్యామ్ మార్చినా మళ్లీ మొదటికే వస్తుంది. పొద్దున్నుంచీ పాపం అది మొదలుపెడుతూనే ఉంది. ఆమె ఏనుగుకు రెండో చెవి గీస్తుండగా గది వెలుగుతో నిండింది. పెన్సిలు జారిపోయినా తీసుకోలేదు, కదిలితే మళ్లీ ఆరిపోతుందేమోనని భయం.

పదకొండున్నరకు ఆమె పరుగున వాకిట్లోకి వచ్చింది. "ఏమండీ! నచ్చాయట! పుస్తకం మొత్తం నన్నే వేయమన్నారు!"

అకౌంటెంటుకు కళ్లు చెమర్చాయి. "కంప్యూటరు వచ్చిందా? ఎలా వచ్చింది?"

"ఏమో! మీరంతా బయటికొచ్చాక దానంతటదే వచ్చింది."

ముగ్గురూ ముఖాలు చూసుకున్నారు. బయటికొచ్చాక తాము చేసిన పని ఒక్కటే.

"నేను చెప్పలా, కరెంటు లోపమని! ఫ్యూజు పీకింది నేనే!" అన్నాడు మెకానిక్.

"ఎడమది పీకమన్నదెవరు? నేను లాగకపోతే ఊడేదా?" అన్నారు మామగారు.

"అసలు బలమంతా నాదేనండీ! పీకింది నేను!" అన్నాడు అకౌంటెంటు, భార్య వైపు చూస్తూ.

మెట్టు మీద కూర్చున్న ఇంటి యజమాని మిగిలిన సగం మీసాన్ని దువ్వుకుంటూ మెల్లగా లేచాడు.

ఇందాకటి నుంచి అతను అడుగుతున్నదీ అదే.