క్లాసిక్ కావాలంటే చివరి పన్నెండు పేజీలు పారెయ్యండి!

పుస్తకాలను దొంగ పీడీఎఫ్‌లు చేసి ఫోన్లలో పంచిపెట్టేవాళ్ల మీద కేసులు పెట్టాలని కొందరు రచయితలు గోల చేస్తున్నారు. ఎంత అన్యాయం! వాళ్లకు ఊరూరా సన్మానాలు చెయ్యాలి. లేకపోతే తెలుగులో ఇకమీదట ఒక్క క్లాసిక్ కూడా పుట్టదు!

అనుభవం మీద చెబుతున్నాను. నేను పత్తి కొనుగోలు కేంద్రంలో ముప్పై ఏళ్లు తేమ కొలిచినవాణ్ణి. మీటరు పెట్టకుండానే ఏ పత్తి బోరెంలో ఎంత తడి ఉందో చెప్పేవాణ్ణి. ఆ ఉద్యోగం చేస్తూనే పదకొండేళ్లు కష్టపడి ‘మూడో కోత’ అనే నవల రాశాను. మిరపచేలల్లో కూలికెళ్లే వీరమ్మ కథ. అచ్చు కూడా వేయించాను. ఆ తర్వాత ఆరేళ్లపాటు దాన్ని మొదటి నుంచి చివరిదాకా శ్రద్ధగా తిరగేసింది మా ఇంటి చెదపురుగులే. వాటికి కృతజ్ఞతలు. ఒక్కటీ నన్ను ముందుమాట రాసిపెట్టమని అడగలేదు.

అప్పుడు వచ్చాడు ప్రసన్నకుమార్. చిలకలూరిపేటలో తెలుగు లెక్చరరు, బంగారంలాంటి మనిషి. లైబ్రరీలో దొరికిన కాపీని పేజీ పేజీ ఫొటో తీసి, పీడీఎఫ్ చేసి గ్రూపుల్లో పెట్టాడు. ఆయన వాడింది ఉచిత యాప్. రెండువందల పేజీలు దాటితే అది ఒప్పుకోదు. నా నవల రెండువందల పన్నెండు పేజీలు!

రెండువందలో పేజీ చివర వీరమ్మ మూట పట్టుకుని మార్టూరు అడ్డరోడ్డులో ఎండన నిలబడి ఉంటుంది. ‘బస్సు ఆగింది.’ అక్కడితో పీడీఎఫ్ అయిపోయింది. క్లాసిక్ పుట్టింది!

ఎక్కిందో లేదో చెప్పకపోవడమే ఈ నవల గొప్పతనమని ఒకాయన వ్యాసం రాశాడు. ఆ నిశ్శబ్దంలో ఆయనకు భూమాత మూలుగు వినపడిందట. ఒకావిడ అది ఆగిపోయిన చరిత్ర అంది. ఇంకొకాయన అసలది బస్సే కాదన్నాడు. కనిగిరి బస్సండీ! డ్రైవరు వెనకాల కిటికీకి అద్దం కూడా లేదు. రెండువందల ఒకటో పేజీలో రాశాను.

గుంటూరులో సెమినారు పెట్టారు. జ్యోతిర్మయి గారనే పరిశోధకురాలు నేను రాయని ముగింపు మీద నలభై నిమిషాలు మాట్లాడారు. రాసినదానికి పొగడ్త ఎవరికైనా దొరుకుతుంది. రాయనిదానికి దొరకాలంటే అదృష్టం ఉండాలి! అయినా నోరు ఊరుకోదు కదా. లేచి, “అమ్మా, ఇంకో పన్నెండు పేజీలున్నాయి” అన్నాను.

ఆవిడ ప్రేమగా నవ్వారు. “రాసినవాళ్లకి అలాగే అనిపిస్తుందండీ. మీరు కూర్చోండి మాస్టారూ.”

హాలంతా చప్పట్లు. నడివేసవి గుంటూరులో నాకు ఉన్ని శాలువా కప్పారు.

నిజం చెప్పాలంటే, మొదటి చిత్తుప్రతిలో నేనూ వీరమ్మను అడ్డరోడ్డులోనే వదిలేశాను. మహా గొప్పగా ఉందనుకున్నాను. మా ఆవిడ సుబ్బరావమ్మ చదివి కళ్లజోడు తీసింది.

“పొద్దుట్నించీ ఆ మనిషి ఏమీ తినలేదు, గుర్తుందా మీకు? ముందు ఆ బస్సెక్కించి, వాళ్లక్క ఇంటికి చేర్చి, ఇంత అన్నం పెట్టి పడుకోబెట్టండి. ఆ తర్వాత మీ సాహిత్యం మీరు చూసుకోండి.”

అలాగే చేశాను. పన్నెండు పేజీలు పట్టింది. పుస్తకం అచ్చయి వచ్చేసరికి ఆవిడ లేదు.

కిందటి నెల ఒక ప్రచురణకర్త నవలను మళ్లీ ఘనంగా వేస్తామని ఒప్పందం కాగితం పంపాడు. షరతు ఒక్కటే: పీడీఎఫ్‌లో ఎంతుందో అంతే. కాలేజీలో పాఠంగా పెడతారట, పరీక్షకు పది మార్కుల ప్రశ్న కూడా తయారైందట, ‘ముగింపు లేకపోవడంలోని ఔచిత్యాన్ని చర్చించండి’ అని. పిల్లల పది మార్కులు పోగొట్టే హక్కు నాకెక్కడిది? సంతకానికి కలం తీశాను.

సరిగ్గా అప్పుడు గుమ్మంలోకి వచ్చింది ఖాదర్‌బీ. మా వీధి చివర షెడ్డులో మిరపకాయలకు తొడిమలు తీస్తుంది. వెనకాల జెస్సీ అనే చదువుకునే పిల్ల, చేతిలో ఫోను. షెడ్డులో అందరి చేతులూ పనిలో ఉంటే ఈ అమ్మాయి నా పీడీఎఫ్ పైకి చదివి వినిపించిందట.

“ఏం సారూ, నీకు మనసుందా? ఆ వీరమ్మని ఎండలో నిలబెట్టి ఎటు పోయావ్?” అంది ఖాదర్‌బీ.

“అదేంటంటే ఖాదర్‌బీ, క్లాసిక్ అన్నాక...”

“క్లాసిక్కూ లేదు, గీసిక్కూ లేదు. బస్సెక్కిందా, లేదా?”

“మూడు రోజుల్నించి నన్ను చంపుతున్నారండీ” అంది జెస్సీ. “ఆ పేజీలు నేనే మింగేశానంట!”

చూశారా? ఇన్ని వ్యాసాల్లో, సెమినార్లలో ఒక్కరూ అడగని ప్రశ్న! సాహిత్య సంస్కారం లేకపోతే మనుషులు ఇలాగే తయారవుతారు.

చెదలు దయతలిచి వదిలేసిన ఒక్క కాపీ తీసుకుని షెడ్డుకు వెళ్లాను. తుమ్ముతూ తుమ్ముతూ పన్నెండు పేజీలూ చదివాను. వీరమ్మ బస్సెక్కింది. కండక్టరు మూట అందుకున్నాడు. అక్క కంచం పెట్టింది. తిని పడుకుంది. ఇరవైమంది చేతులు ఆగిపోయినా మేస్త్రి కేకెయ్యలేదు. ఆయనా వింటున్నాడు.

ఖాదర్‌బీ ముక్కుకు కట్టుకున్న గుడ్డ కిందికి లాగింది.

“అన్నం పెట్టి పడుకోబెట్టాలని మొగోడికి తట్టదే! ఎవరు చెప్పారు నీకు?”

“మా ఆవిడ.”

“అనుకున్నా” అని మళ్లీ తొడిమల్లో పడింది.

నా కళ్లలో నీళ్లంటారా? మిరప ఘాటు. ముప్పై ఏళ్లు తేమ కొలిచినవాణ్ణి, ఆమాత్రం తెలీదా?

ఒప్పందం కాగితం మీద సంతకం పెట్టలేదు. పన్నెండు పేజీల జిరాక్సు జతచేసి తిప్పి పంపాను. దీంతో నా క్లాసిక్ పదవి ఊడి, మళ్లీ మామూలు నవలాకారుణ్ణి కావచ్చు. అయినా పీడీఎఫ్ దొంగలకు సన్మానం చెయ్యాలన్న నా డిమాండు అలాగే ఉంది. వాళ్లే లేకపోతే ఖాదర్‌బీ నా గుమ్మం తొక్కేదా? కావాలంటే నా ఉన్ని శాలువా ఇస్తాను.

ఒక్కటే మనవి. బాబూ, దొంగిలిస్తే పూర్తిగా దొంగిలించండి. మొదటి రెండువందల పేజీలూ నావి, పోయినా పెద్ద నష్టం లేదు. చివరి పన్నెండూ మా సుబ్బరావమ్మవి.