మిద్దె మీద సాక్షులు

తెల్లవారేసరికి పడమట మబ్బు నల్లగా లేచింది. ఊరంతా అరుగుల మీదికి వచ్చి చూస్తుండగానే, ఒక్క చినుకైనా రాల్చకుండా కొండలు దాటిపోయింది. అందరూ నిట్టూర్చారు. సుంకప్ప ఒక్కడికే ప్రాణం కుదుటపడింది. రసూల్ సాబ్‌కు బాడుగకిచ్చిన మట్టిమిద్దె మీద, కారకుండా ఏటా పరిపించాల్సిన చౌడుమన్ను అతడు రెండేళ్లుగా పరిపించలేదు. వాన రాని ఊళ్లో చౌడెందుకనుకున్నాడు.

తెలుగువాళ్లకంటూ కొత్త రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు అది. పక్క ఊళ్లో మిద్దె కూలి బాడుగ మనిషి నడుము విరిగితే, ఇంటాయనను పోలీసులు పట్టుకుపోయారట. ఆ మాట విన్నప్పటి నుంచి సుంకప్పకు ముద్ద దిగడం లేదు.

"నాలుగు బండ్ల చౌడు తోలిస్తే అయిపోయె గదా," అంది భార్య ఓబులమ్మ.

"తోలించినంక కూలితే? పెద్దమనుషుల ముందర ఒక మాట చెప్పేస్తే నా మీదికి రాదు."

పొద్దెక్కేలోగా ఊరి పెద్దమనుషులు ఈశ్వరప్పను, గోవిందప్పను ఆ మిద్దె దగ్గరికి వెంటబెట్టుకుపోయాడు. రసూల్ సాబ్ లోపల దూది ఏకుతున్నాడు.

"రసూలూ, మిద్దె బాగలేదు. చెప్తాండా. రేపు ఏమన్నా అయితే నాకు సంబంధం లేదు. వీళ్లు సాక్షి."

"రెండేండ్ల నుంచి నేను చెప్తాండేది అదే గదన్నా."

ఈశ్వరప్ప నికార్సయిన మనిషి. "యాడ బాగలేదప్పా? కండ్లతో సూడకుండా సాక్ష్యం ఎట్ల చెప్పేది?" అన్నాడు.

నిచ్చెన వేశారు. ముగ్గురూ ఎక్కారు. పెద్దమనుషులు మిద్దెక్కారంటే మబ్బు మళ్లీ కనబడి ఉంటుందని వీధిలోవాళ్లు ఒకరి వెనక ఒకరు ఎక్కసాగారు. సాక్షులు పెరుగుతున్నారని సుంకప్ప మురిసిపోయాడు.

"రాండప్పా, మీరూ సూడండి."

రసూల్ సాబ్ తన భార్య జమీలాబీని, పిల్లలను గబగబా వీధిలోకి పంపి, నిచ్చెన మొదట్లో నిలబడ్డాడు. "సుంకప్పన్నా, అంతమంది వద్దు. దిగండి. అందరి ముందర చెప్తాండా."

"నువ్వు ఊరికే ఉండప్పా. చెప్పాల్సింది నేను," అని సుంకప్ప నడిమిదూలం దగ్గరికి పోయి, "ఇదో, ఈడ," అంటూ మడమతో గట్టిగా తొక్కి చూపించాడు.

దూలం ఫెళ్లుమంది. తక్కినవాళ్లు గోడల మీదికి దూకారు. సుంకప్ప మట్టితో సహా లోపలికి పోయి, ఏకిన దూది కుప్పలో నడుం దాకా దిగబడ్డాడు.

"దెబ్బ తగిల్నాదా అన్నా?" అంటూ రసూల్ సాబ్ లోపలికి పరుగెత్తాడు.

పైన కంతలోంచి గోవిందప్ప తొంగి చూశాడు. "దిగమని రసూలు చెప్పినాడప్పా. మేమంతా విన్యాము."

"నేనూ సాక్షి," అన్నాడు ఈశ్వరప్ప.

ఓబులమ్మ వచ్చింది. మొగుణ్ణి చూసింది, కంతను చూసింది. జమీలాబీ చంటిబిడ్డను చంకనెత్తుకుని తన ఇంటి దోవ పట్టింది. వెనకనే జమీలాబీ, పిల్లలు, కుండలు, చట్లు, పరుపులు.

ఆ సాయంత్రం రెండు సంసారాలూ ఒకే వరుసలో కూర్చున్నాయి. సంగటి, నంజుకోను చెనిక్కాయల ఊరిబిండి. సగం తిన్నాక సుంకప్ప తలెత్తి తన సొంత మిద్దె దూలాలను కాసేపు చూశాడు. తర్వాత పళ్లెం పట్టుకుని గోడవారకు జరిగాడు.

ఎందుకని అడక్కుండా తక్కినవాళ్లూ జరిగారు.