మూడు నెలల ఉద్యోగం, పన్నెండు నెలల కోత

ఆ పొద్దున అక్కాచెల్లెళ్ళు పెట్టుకున్న పని చాలా చిన్నది. ఎనిమిదింటి సైరను మోగేలోగా పళ్ళ షెడ్డు ఆఫీసులో రెండు ఫారాలు ఇచ్చేసి, ఎప్పటిలాగే బెల్టు ముందు నిలబడి బేరి పళ్ళు ఏరుకోవాలి. అంతే. ఇందులో తిరకాసు ఉంటుందని చెల్లెలికి కూడా తోచలేదు. ఆమెకు అలా తోచకపోవడం అరుదు.

సంగతి మొదటి జీతం చీటీతో మొదలైంది. షెడ్డులో పని మూడు నెలలే. పళ్ళకాలం అయిపోతే ఎవరింటికి వాళ్ళు. అలాంటి జీతంలో అంత పన్ను కోత చూసేసరికి చెల్లెలు చీటీ పట్టుకుని అక్క దగ్గరికి పరిగెత్తింది. వాళ్ళుండే మేడమీది రెండు గదుల అద్దెను ఇంటివాడు పెంచేశాడు. ఈ మూడు నెలల జీతం నిండుగా చేతికొస్తేనే ఆ గదులు దక్కుతాయి. లేకపోతే అక్క కొడుకు దగ్గరికి, చెల్లెలు కూతురి దగ్గరికి పోవాలి. ఆ రెండు ఊళ్ళూ ఒకే రైలుదారికి ఆ చివరొకటి, ఈ చివరొకటి. చెల్లెలు జీవితంలో నాలుగుసార్లు రైలుకు చెయ్యి ఊపింది. ఇద్దరు తిరిగి రాలేదు. ఐదోసారి ఊపే ఓపిక ఆమెకు లేదు.

అక్క కంగారు పడలేదు. మందు సీసాతో వచ్చే కాగితాన్ని కూడా చివరిదాకా చదివే మనిషి ఆవిడ. షెడ్డులో ఆవిణ్ణి లాయరమ్మ అనేది అందుకే. భూతద్దం పెట్టి జీతం చీటీని రెండువైపులా చదివింది.

"కంప్యూటరు తప్పేం లేదే. మనం ఏడాదంతా ఇలాగే సంపాదిస్తామనుకుని ఆ లెక్కన కోస్తోంది. మనది మూడు నెలల ముచ్చటని పాపం దానికెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి?"

"మనమే. దానికో ఫారం ఉంది."

ఎన్ని నెలల పనో అందులో రాసి, ఆ మేరకే కోయమని అడగవచ్చు. అక్క రెండు ఫారాలు నింపి, అడుగున 'వచ్చే సోమవారం నుంచి అమలు చేయగలరు' అని రాసింది. "ఇక్కడ సంతకం పెట్టు" అంటే చెల్లెలు పెట్టింది. అరవై ఏళ్ళుగా అక్క చూపించిన చోటల్లా చదవకుండా సంతకం పెట్టడం ఆమెకు అలవాటు.

షెడ్డు గుమాస్తాది మరో అలవాటు. ఆయన కాగితాన్ని కిందనుంచి చూస్తాడు. సంతకం, తేదీ ఉంటే పైకి వెళ్ళడు. పళ్ళకాలం మధ్యలో పనివాళ్ళిచ్చే కాగితాలు రెండే రకాలని ఆయన ఇరవై ఏళ్ళ అనుభవం. డాక్టరు చీటీ కుట్టి ఉంటే సెలవు, లేకపోతే పని మానేయడం. ఈ ఫారాలకు డాక్టరు చీటీ లేదు.

మధ్యాహ్నం అన్నాల వేళ కాటా దగ్గర తూకం వేసే ఆయన చెల్లెలి పక్కకొచ్చాడు.

"లాయరమ్మ సోమవారం నుంచి మానేస్తోందటగా. గుమాస్తా ఆవిడ కాగితం చూపించాడు. మీకు తెలీదా?"

చెల్లెలు అన్నం గిన్నెకు మూత పెట్టేసింది. అంటే అక్క తన కొడుకు దగ్గరికి వెళ్ళిపోతోంది. చెబితే ఏడుస్తానని చెప్పలేదు. అడిగితే నిజమైపోతుందని ఆమె అడగనూ లేదు. బెల్టు మళ్ళీ కదిలాక, కళ్ళనీళ్ళు మసకేస్తుంటే మెత్తబడ్డ పళ్ళను మంచి పెట్టెలోనూ, మంచివాటిని కుళ్ళుతొట్టిలోనూ వేస్తూ పోయింది.

ఆ అన్నాల వేళే షెడ్డు రెండో చివర అక్క చుట్టూ ఆడవాళ్ళు మూగారు. కోత తగ్గించే ఫారం కబురు పాకిపోయింది. "లాయరమ్మా, నాకూ ఒకటి." "నాదీ రాసిపెట్టు వదినా, నీ చెయ్యి మంచిది." అక్క బోర్లించిన పెట్టె మీద కూర్చుని, ఎవరి నెలలు వాళ్ళనడిగి, విసుగూ విరామం లేకుండా రాసింది. సాయంత్రం నాలుగయ్యేసరికి గుమాస్తా బల్లమీద ముప్పై ఎనిమిది కాగితాలు చేరాయి. అన్నిటి అడుగునా ఒకే చేతిరాత, ఒకే సోమవారం.

గుమాస్తా ఆ కట్టతో యజమాని దగ్గరికి పరిగెత్తాడు. పండిన పండు సోమవారం దాకా కూడా ఆగదు. యజమాని ఆ పళంగా షెడ్డులోకొచ్చి బెల్టు ఆపించాడు.

"ముప్పై ఎనిమిది మంది ఒక్కసారిగా మానేస్తే షెడ్డు ఏమైపోవాలి? ముందు పేర్లు చదవయ్యా."

గుమాస్తా చదివాడు. మొదటి పేరు అక్కది. రెండోది చెల్లెలిది.

"నేనా? నేనెక్కడికి పోతున్నాను?" అంది చెల్లెలు, ముక్కు తుడుచుకుంటూ.

"నోరు మూసుకుని పళ్ళు సర్దవే" అంది అక్క మెల్లగా. జరిగిందేమిటో ఆవిడకు ఆ రెండో పేరుతోనే అర్థమైపోయింది.

"చూడండమ్మా" అన్నాడు యజమాని, గొంతు తగ్గించి. "పళ్ళు నిలవ ఉంచడానికి చల్లగది కట్టిస్తున్నాను. వచ్చే నెలనుంచి ఏడాది పొడుగునా పని ఉంటుంది. కొత్తవాళ్ళను తెద్దామనుకున్నాను. మీరే ఉండిపోతారా?"

షెడ్డంతా అక్క వైపు చూసింది. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఉంటాం. ఆ మాటే కాగితం మీద రాసివ్వండి."

ఆయన రాశాడు. అక్క భూతద్దం తీసి మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివింది. ఒకచోట దిద్దించింది. సంతకం ఆరాక గుమాస్తా చేతిలోని కట్ట తీసుకుని, పైకాగితాన్ని తలవైపు నుంచి చదివి వినిపించింది. యజమాని గుమాస్తాను కొరకొరా చూసి, అక్క వైపు తిరిగాడు.

"ఇవి పని మానేసే కాగితాలు కావని ముందే చెప్పొచ్చుగా."

"మీరు అడిగింది ఉంటారా అని. దానికి జవాబు చెప్పాం బాబూ."

ఇంటికి నడుస్తూ చెల్లెలు అక్క మోచెయ్యి వదల్లేదు. అరవై ఏళ్ళు చూసినా ఈ మనిషి ఇంకా కొత్తగానే ఉంది అనుకుంది.

"నన్నొదిలి పోతున్నావనుకున్నా."

"పోతే నీ సంతకం ఎందుకు పెట్టిస్తానే, పిచ్చిమొహమా."

గదులు దక్కాయి. మరుసటి జీతం రోజున ముప్పై ఎనిమిది ఫారాలూ వెనక్కొచ్చాయి. ఏడాదంతా పనిచేసేవాళ్ళకు అవి వర్తించవని గుమాస్తా ఈసారి పైనుంచి కిందిదాకా చదివి మరీ రాశాడు. అక్క జీతం చీటీని రెండువైపులా చూసి, కోత సరిగ్గానే ఉందని భూతద్దం దాచేసింది.

కంప్యూటరు మొదటినుంచీ చెబుతున్నది అదే.