పాల్మీరా పిన్ని వంటింటి నుంచి గుడికి విముక్తి

మా కొండమీది ఊరు రొక్కాస్పీనాలోని రోమన్ల కాలం నాటి గుడికి, పట్టణ ప్రముఖుల నిర్విరామ కృషి ఫలితంగా, ఎట్టకేలకు విముక్తి లభించిందని సవినయంగా తెలియజేసుకుంటున్నాం. ఇన్నాళ్లూ ఆ గుడిని చెరబట్టి ఉంచింది ఏ శత్రుసైన్యమో అనుకునేరు. కాదు. పాల్మీరా పిన్ని వంటిల్లు.

గుడి అంటే మిగిలింది మూడు స్తంభాలు, వాటి నెత్తిన ఒక రాతి దూలం. పిన్ని అత్తవారి తరఫు ముత్తాతలెవరో, ఇంత మంచి రాయి ఊరికే నిలబడి ఉండటం చూసి ప్రాణం ఒప్పక, స్తంభాల మధ్య గోడలు పెట్టి ఇల్లు కట్టేసుకున్నారు. మా వైపు ఇదేమంత వింత కాదు. మా చర్చి గుమ్మంలో తొక్కుకుంటూ పోయే బండ ఎవరో సేనాని సమాధి మూత. మాంసం కొట్టువాడు ఎముకలు నరికే దిమ్మ ఏదో దేవత పీఠం. దేవత ఇంతవరకు అభ్యంతరం చెప్పలేదు.

భర్త పోయాక పిన్ని ఆ వంటింట్లోనే నాలుగు బల్లలు వేసి, వచ్చినవాళ్లకు భోజనం పెట్టి బతికేది. స్తంభానికి చుట్టిన తాడుకి వెల్లుల్లి జడలు వేలాడేవి. గుడి చూద్దామని కొండెక్కి వచ్చిన యాత్రికులు గుడెక్కడ అని అడిగితే గరిటెతో చూపించేది. వాళ్లు స్తంభాన్ని ఒక్క చూపు చూసి, పళ్లెంలో పడిన ఫెతుచ్చీనే పాస్తా వైపు తిరిగి, ఇక తల ఎత్తేవారు కాదు. ఇది ప్రాచీన వారసత్వానికి తీరని అవమానమని మా మేయర్ ఫౌస్తో బెలార్దికి తట్టింది. పిన్ని దగ్గర రెండో పళ్లెం తింటుండగా తట్టింది.

వెంటనే గుడి విముక్తి సంఘం ఏర్పడింది. ఆ సాయంత్రం ఎల్వియో బార్‌లో ఉన్నవాళ్లందరూ సభ్యులే, నాతో సహా. రోము నుంచి ఇద్దరు పండితులు దిగారు. ఒకాయన ఇది జూనో దేవి గుడి అన్నాడు, రెండో ఆయన హెర్క్యులీస్‌ది అన్నాడు. దాంతో ఇద్దరికీ మాటల్లేవు. ఒకే బల్ల మీద తింటూ కూడా, ఉప్పు ఇటు జరపమని పిన్ని చేత కబురు పెట్టుకునేవారు. అయినా విద్వత్తంటే విద్వత్తే. వంటిల్లు పోవాలన్న ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చారు.

ఖాళీ చేయమన్న ఆజ్ఞ అందగానే పిన్ని చేతులకున్న పిండి కూడా దులుపుకోకుండా మేయర్ గదికి వచ్చింది.

"నా మొగుడు పోయిన రోజున కూడా ఆ పొయ్యి ఆర్పలేదు. ఇప్పుడు రాళ్ల కోసం ఆర్పమంటావేంట్రా ఫౌస్తో? నీ ముడ్డి కడిగి, ముద్ద పెట్టింది ఆ వంటింట్లోనే."

"నీ త్యాగాన్ని జాతి మరిచిపోదు పిన్నీ."

"త్యాగం నేను చెయ్యట్లేదు. నువ్వు లాక్కుంటున్నావ్."

"అందుకే అది మరీ గొప్ప త్యాగం."

విముక్తి రోజున ఊరంతా పండగ. బ్యాండు మేళం వచ్చింది. మేయర్ తన పదవికి గుర్తయిన మూడు రంగుల పట్టీ భుజాన వేసుకున్నాడు, అది పొట్ట దగ్గర ఆగిపోయింది. అన్యదేవతల గుడిని దీవించడానికి పాద్రిగారికి మనసొప్పక, కూలీల గునపాలను మాత్రం దీవించి ఊరుకున్నారు. మేయర్ ఉపన్యాసం చరిత్రలో నిలిచిపోతుంది. "భూకంపాలకు తలవంచని స్తంభాలివి! పిడుగులకు బెదరని స్తంభాలివి! ఇన్ని వందల ఏళ్ల తర్వాత ఈ రోజు నుంచి ఇవి తమ కాళ్ల మీద తాము నిలబడతాయి!"

గోడ పడింది. దుమ్ము అణిగాక స్తంభాలు ఎండలో తెల్లగా, ఒంటరిగా బయటపడ్డాయి. నిజం చెప్పొద్దూ, ఒళ్లు పులకరించింది. చప్పట్లు కొట్టాం, ఒకరినొకరం కౌగిలించుకున్నాం, పండితులిద్దరూ పొరపాటున చేతులు కలుపుకున్నారు. అప్పుడు మొదటి స్తంభం, ఆదివారం భోజనం చేసిన మామగారిలా, మెల్లగా పక్కదాని మీదికి వాలింది. అది మూడోదాని మీద వాలింది. దూలంతో సహా మూడూ, ఎవరికీ దెబ్బ తగలకుండా ఎంతో మర్యాదగా ఖాళీ స్థలంలోకి పడుకున్నాయి. మేళం మేస్త్రి అటు వీపు పెట్టి ఉన్నందున బ్యాండు పాట పూర్తయ్యేదాకా ఆగలేదు.

ఇన్నాళ్లూ గోడను స్తంభాలూ, స్తంభాలను గోడా మోస్తూ వచ్చాయని, ఇది ఎవరూ ముందుగా ఊహించదగ్గ విషయం కాదని విచారణలో తేలింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఎల్వియో నోరు జారాడు. అతణ్ణి సంఘం నుంచి బహిష్కరించాం. సమావేశాలు జరిగేది అతని బార్‌లోనే కనుక కాఫీ వేళకు మళ్లీ చేర్చుకున్నాం.

ఆ స్థలంలో ఇప్పుడు నిలబడి ఉన్నది ఒక్కటే, పిన్ని పొయ్యి. చుట్టూ కంచె వేశాం. రక్షిత ప్రాంతంలో రాయి కదపరాదని చట్టం. యాత్రికులు మునుపటికి పదింతలు వస్తున్నారు. పొద్దున తీసుకొచ్చే గైడు అది జూనో దేవి బలిపీఠం అంటాడు, సాయంత్రం వచ్చేవాడు హెర్క్యులీస్ హోమగుండం అంటాడు. ఆ మసిని చూసి ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. నిలబడి ఉన్నప్పుడు స్తంభాలకు ఇంత గౌరవం ఏనాడూ దక్కలేదు.

మొన్న పిన్ని కంచె దగ్గరికి వచ్చింది. పొయ్యి మాత్రం ఇచ్చేస్తే చెల్లెలి ఊళ్లో పెట్టుకుని బతుకుతానంది. అది ఇప్పుడు జాతి సంపద అని, కావాలంటే అందరిలాగే వరసలో నిలబడి చూసుకోవచ్చని మేయర్ ఎంతో ఓపికగా నచ్చజెప్పాడు.

పిన్ని కాసేపు ఆ వరసకేసి చూసింది. "సరే నాయనా. మరి జాతికి ఆకలేస్తే ఎవరు వండుతారు?"

దీనికి తగిన సమాధానం తయారు చేయడానికి ఉపసంఘం వేశాం. పిన్ని మాత్రం సాయంత్రం బస్సుకే చెల్లెలి ఊరికి వెళ్లిపోయింది. ఆదివారాలు మేం ఇళ్లల్లో నిన్నటి రొట్టె తింటున్నాం. అయినా మా సంఘం ఉత్సాహం చెక్కుచెదరలేదు. మీ ఊళ్లో ఎవరో ఒక ముసలమ్మ ఆసరాగా చేరబడి బతుకుతున్నందువల్ల ఇంకా నిలబడి ఉన్నదేమైనా ఉంటే దయచేసి కబురు పెట్టండి. వచ్చి విముక్తి కలిగిస్తాం.