ఏ గిన్నెలో పళ్ళు?

సెలవురోజు పొద్దున అమ్మాయి వేసుకున్న పథకం చిన్నదే. అమ్మను తీసుకుని ల్యాబ్‌కు వెళ్ళి గిన్నెలకు పోషకద్రవం మార్చి, అటునుంచి అటే ఆమెకు పగిలిన కళ్ళజోడు బదులు కొత్తది కొనాలి. ఒక గిన్నెలో ఎలుక పిండాల పంటి మొలకలు, ఇంకోదానిలో లాలాజల గ్రంథులు పెరుగుతున్నాయి. ఈ దశలో రెండూ తెల్లటి నలుసులే. తేడా చెప్పేది మూతల మీద సిరాతో రాసిన పేర్లే. ఆమె ఒంటరిగా చేస్తున్న మొదటి పని ఇది. పాడైతే మళ్ళీ సీసాలు కడగడమేనని గైడు ముందే హెచ్చరించాడు.

ద్రవం కోసం పక్కగదికి వెళ్ళొచ్చేసరికి, అమ్మ స్పిరిట్ దూదితో మూతలు తళతళలాడించేసింది.

"ఎవరో పిచ్చిగీతలు గీసి పెట్టారే. నీకెక్కడ తీరుతుందిలే అని తుడిచేశా."

ఇక ఏ గిన్నెలో ఏదుందో అమ్మాయికి తెలియదు. అరవబోయి, మురిసిపోతున్న ఆ మొహం చూసి నోరు మూసుకుంది. అంత ప్రేమను ఏమని తిడుతుంది?

గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే గైడు దిగాడు, దంతవైద్యుడైన డైరెక్టర్‌ను వెంటబెట్టుకుని.

"పళ్ళేవమ్మా?" అన్నాడు డైరెక్టర్.

"అదీ... సార్..." కుడితిలో పడ్డ ఎలుకయింది ఆమె పని.

"ఆగాగు, చెప్పకు! నేను చూడగానే పోల్చేస్తా." గైడు మైక్రోస్కోపులోకి తొంగిచూసి ఎడమగిన్నె తట్టాడు. "ఇవీ పళ్ళంటే!"

డైరెక్టర్ ఇంకో మెట్టెక్కాడు. "ఇన్నేళ్ళుగా నోళ్ళే చూస్తున్నానయ్యా. సందేహం లేదు, దవడపళ్ళే."

అమ్మ కూడా ఒక కన్ను మూసి చూసింది. "ముత్యాల్లా ఉన్నాయి నాయనా!"

"సార్, ఆ మూతలు..."

"వినయం తర్వాత!" అంటూ గైడు స్వయంగా మూత మీద 'పళ్ళు' అని రాసేశాడు. డైరెక్టర్ ఫోటో తీసి సంస్థలో అందరికీ పంపేశాడు.

కొద్దిరోజులు అమ్మాయి ఆ గిన్నెలను రోజూ చూస్తూనే ఉంది. తీరా చూస్తే, డైరెక్టర్‌గారి దవడపళ్ళు నిక్షేపంగా కొమ్మలేసి పొదలా విచ్చుకున్నాయి. అలా కొమ్మలేసేవి గ్రంథులే. కుడిగిన్నెలో అసలు పంటి మొలకలు బుద్ధిగా టోపీ ఆకారం తెచ్చుకుంటున్నాయి. అన్నీ బతికాయి! భయం ఒకపక్క ఉన్నా ఆమెకు ఆనందంతో కళ్ళు చెమర్చాయి. వెళ్ళి గైడుకు జరిగిందంతా చెప్పేసింది.

గైడు వచ్చి చూశాడు. చూసి, తేలుకుట్టిన దొంగలా నెమ్మదిగా తలుపు మూశాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు సార్. నన్ను తీసేస్తారా?"

"ఇంత చక్కగా పెంచినదాన్ని తీసేస్తానా తల్లీ! రేపటి గిన్నెలు కూడా నువ్వే పెట్టు. డైరెక్టర్‌గారికి మాత్రం చెప్పకు, నీకు పుణ్యముంటుంది."

ఆమె చెప్పలేదు. డైరెక్టర్‌గారి గది గోడమీద ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. వచ్చిన దంతవైద్యులంతా పలువరస బాగుందనే అంటున్నారు.